ఇంటికి చేరిన తరువాత: వక్షోజ పునర్నిర్మాణ శస్త్రచికిత్స నుంచి కోలుకునే కాలం

(వైట్‌ఫీల్డ్ ప్రాంతపు తెలుగు కుటుంబాలను ఉద్దేశించిన ప్రసంగ పాఠం)

తెలుగు ఇళ్లలో ఒక మర్యాద ఉంది. కాన్పు అయిన స్త్రీని బాలింత అంటారు. ఆ మాట వినగానే ఇంటిల్లిపాదికీ తమ తమ విధులు గుర్తుకు వస్తాయి. ఆమె బిందె ఎత్తదు, చలిగాలికి తిరగదు, పొయ్యి దగ్గరికి వస్తే తల్లి మందలిస్తుంది. ఆ విశ్రాంతి ఆమె అడిగి తీసుకున్నది కాదు. ఆచారమే ఆమె చేతిలో పెట్టినది. కాని రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకొని, తొలగించిన వక్షోజం స్థానంలో కొత్తదాన్ని నిర్మింపజేసుకొని ఇంటికి వచ్చిన స్త్రీకి మన వాడుకలో పేరు లేదు. పేరు లేదు గనుక ఆచారమూ లేదు. పది రోజులు గడిచేసరికి "లేచి తిరుగుతూనే ఉందిగా" అన్న మాట వినబడుతుంది, గరిటె ఆమె చేతికి వస్తుంది. ఈనాటి ప్రసంగానికి విషయం ఆ లోటే.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనాల ప్రకారం 2022లో భారతదేశంలో సుమారు 1,92,000 మంది స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ కొత్తగా బయటపడింది. మన దేశపు స్త్రీలలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే. దీని చికిత్స కోసం దూరదేశాలకు పోవలసిన కాలం గడిచిపోయింది. బెంగళూరులో కిద్వాయి స్మారక క్యాన్సర్ సంస్థ 1973 నుంచి పనిచేస్తున్నది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ సంస్థ 1955లో వెలిసింది. క్యాన్సర్‌తో మరణించిన భార్య పేరిట ఎన్.టి. రామారావు సంకల్పించిన బసవతారకం ఆసుపత్రి 2000లో తెరుచుకుంది. వైట్‌ఫీల్డ్‌లోనూ క్యాన్సర్ విభాగాలున్న ఆసుపత్రులు ఉన్నాయి. 2023లో మెట్రో కాడుగోడి దాకా వచ్చింది. ఆసుపత్రి దగ్గరపడింది. అయితే ఆసుపత్రిలో ఆమె గడిపేది కొద్ది రోజులు మాత్రమే. కోలుకునేది ఇంట్లో, వారాల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి. ఆ కాలంలో ఆమెను చూసుకునేది ఇంటివారే.

శస్త్రచికిత్స వెనుక ఉన్న సూత్రం

వక్షోజ పునర్నిర్మాణానికి ప్రధానంగా రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది సిలికోన్ ఇంప్లాంట్‌ను అమర్చడం. సిలికోన్ ఇంప్లాంట్ల వాడకం 1962లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో మొదలైంది. కొందరికి ముందుగా చర్మం కింద ఒక సంచిని పెట్టి, వారాల వ్యవధిలో కొద్దికొద్దిగా సెలైన్ నింపి, చర్మం సాగిన తరువాత ఇంప్లాంట్‌ను మారుస్తారు. రెండవది ఆమె శరీరంలోని కండనే ఉపయోగించడం. వీపు నుంచి గాని, పొత్తికడుపు నుంచి గాని చర్మాన్ని, కొవ్వును, అవసరమైతే కండరాన్ని తీసి ఛాతీ మీద తీర్చిదిద్దుతారు. దీన్ని ఫ్లాప్ పద్ధతి అంటారు.

ఈ రెండవ పద్ధతిలోని ఊహ మన నేలకు కొత్తది కాదు. చెంప చర్మంతో ముక్కును తిరిగి నిర్మించే విధానాన్ని సుశ్రుత సంహిత వర్ణించింది. 1792 నాటి మైసూరు యుద్ధంలో ఆంగ్ల సైన్యానికి ఎడ్లు తోలిన కవాస్జీ అనే వ్యక్తి టిప్పు సుల్తాను సేనలకు బందీగా చిక్కి ముక్కు కోల్పోయాడు. తరువాత పుణె ప్రాంతంలో ఒక దేశీయ వైద్యుడు అతని నుదుటి చర్మాన్ని ఒలిచి, ఒక కొస శరీరానికి అంటి ఉండగానే కిందికి మళ్లించి, కొత్త ముక్కును తీర్చాడు. ఆ వృత్తాంతం 1794లో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజీన్‌లో అచ్చయింది. 1814లో జోసెఫ్ కార్ప్యూ అనే ఆంగ్ల శస్త్రవైద్యుడు అదే మార్గాన్ని అనుసరించాడు. 1906లో ఇటలీకి చెందిన ఇజీనియో తాన్సీని వీపు కండరంతో ఛాతీ భాగాన్ని కప్పే పద్ధతిని వివరించాడు.

వీటన్నిటిలోనూ ఉన్న సూత్రం ఒక్కటే: చోటు మారిన కండ రక్తం అందినంత కాలమే బతుకుతుంది. ఇంటి దగ్గర పాటించవలసిన నియమాలలో చాలావాటికి కారణం ఈ ఒక్క సూత్రమే. పొగాకులోని నికోటిన్ సన్నని రక్తనాళాలను కుంచింపజేస్తుంది. అందుకే బీడీ, సిగరెట్టు, జర్దా, నమిలే పొగాకు, ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్ద వయసు స్త్రీలకు అలవాటైన అడ్డపొగ, అన్నీ శస్త్రచికిత్సకు కొన్ని వారాల ముందు నుంచే మానుకోవాలి. ఆ గదిలో భర్త పొగ తాగినా ముప్పే. కొత్త వక్షోజం మీద ఒత్తిడి పడేలా బోర్లా పడుకోకూడదన్నది కూడా ఇందుకే. మధుమేహం అదుపులో లేకపోతే గాయం మానడం ఆలస్యమవుతుంది గనుక చక్కెర పరీక్షలు తప్పకూడదు.

మొదటి వారాలు

ఇంప్లాంట్ అమర్చినవారు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లోనూ, పొత్తికడుపు కండతో నిర్మాణం చేయించుకున్నవారు నాలుగైదు రోజుల్లోనూ ఇంటికి వస్తారు. వచ్చేటప్పుడు చాలామంది శరీరానికి సన్నని గొట్టాలు, వాటి కొసలకు మెత్తని ప్లాస్టిక్ బుడ్డీలు వేలాడుతూ ఉంటాయి. వీటిని డ్రెయిన్లు అంటారు. లోపల ఊరే ద్రవం నిలిచిపోకుండా బయటికి తీయడం వీటి పని. రోజూ ఒకే వేళకు ఆ ద్రవాన్ని కొలిచి, రంగును, పరిమాణాన్ని పుస్తకంలో రాయాలి. తొలుత ఎర్రగా ఉన్నది క్రమంగా గులాబీ రంగుకూ, ఆపైన పసుపు ఛాయకూ మారుతుంది. 24 గంటలలో వచ్చే ద్రవం వరుసగా రెండు రోజులు సుమారు 30 మిల్లీలీటర్ల కంటే తగ్గితే డ్రెయిన్ తీసే ఆలోచన చేస్తారు. దీనికి ఒకటి నుంచి మూడు వారాలు పట్టవచ్చు. కొలత రాసే బాధ్యతను ఇంట్లో ఒకరు తమదిగా తీసుకుంటే ఆమెకు సగం బరువు తగ్గుతుంది. బుడ్డీలను పెట్టుకోవడానికి మెడలో వేలాడే చిన్న గుడ్డ సంచి కుట్టి ఇవ్వడం ఏ అత్తగారికైనా గంట పని.

దుస్తుల సంగతి చిన్నదిగా తోస్తుంది గాని, అనుభవంలో పెద్దది. తల మీదుగా వేసుకునే చుడీదారు ఆ రోజులలో సాధ్యం కాదు. ముందు హుక్కులున్న వదులైన రవిక గాని, ముందు జిప్పు ఉన్న నైటీ గాని కావాలి. పడక మీద వీపు వైపు దిండ్లు ఎత్తుగా పేర్చి వెల్లకిలా పడుకోవాలి. పొత్తికడుపు నుంచి కండ తీసినవారికి ఒక తుంటి నుంచి మరో తుంటి దాకా కుట్లు ఉంటాయి. ఒకటి రెండు వారాలు వారు నడుము వంచి నడుస్తారు. కుట్ల మీద లాగుడు పడకుండా అలా నడవమని వైద్యులే చెబుతారు. అది చూసి ఇంటివారు కంగారుపడనక్కరలేదు. వీరికి నేల మీద కూర్చొని భోంచేయడం, నేలబారు మరుగుదొడ్డిలో గొంతుకూర్చోవడం కష్టం. కమోడ్ లేని అద్దె ఇళ్లలో కమోడ్ కుర్చీని ముందుగానే సమకూర్చుకోవాలి. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు పొట్టకు ఒక దిండు అదిమిపట్టుకుంటే నొప్పి తగ్గుతుంది.

ఇక బరువు. సుమారు ఆరు వారాల పాటు రెండు మూడు కిలోల కంటే ఎక్కువ ఎత్తవద్దని శస్త్రవైద్యులు చెబుతారు. ఆ అంకెను వైట్‌ఫీల్డ్ వంటింటికి అన్వయించి చూడాలి. తాగునీటి క్యాను 20 లీటర్లు, అంటే 20 కిలోలు. నిండు గ్యాస్ సిలిండరు దాదాపు 30 కిలోలు. దోసెల పిండి నిండిన గిన్నె, అన్నంతో ఉన్న పెద్ద కుక్కరు, తడి బట్టల బకెట్టు, చేతులు చాచి ఎత్తుకోమనే రెండేళ్ల బిడ్డ, ఏదీ మూడు కిలోల లోపు లేదు. "బరువులు ఎత్తవద్దు" అన్న వైద్యుని మాటకు అర్థం "ఇంటి పని చేయవద్దు" అనే. టాంకరు వచ్చిన పూట నీళ్లు ఎవరు పట్టాలి, క్యానును ఎవరు వంచాలి, దండెం మీద బట్టలు ఎవరు ఆరవేయాలి, బిడ్డను ఎవరు ఎత్తుకోవాలి? ఈ పనులన్నిటినీ ఒక కాగితం మీద రాసి, ఎదురుగా పేర్లు రాసి, ఫ్రిజ్ మీద అంటించాలి. కడప నుంచో అనంతపురం నుంచో వచ్చిన తల్లి మూడు వారాలకు తిరిగి వెళ్లిపోతుంది. విశ్రాంతి అవసరం ఆరు వారాలు. మిగిలిన మూడు వారాల లెక్క ముందే తేలాలి. ఒంటరిగా ఉద్యోగం చేసుకునే స్త్రీ విషయంలో ఈ కాగితం మీద ఇరుగుపొరుగువారి పేర్లు ఉండాలి.

విశ్రాంతి అంటే కదలకుండా పడుకోవడం కాదు. మొదటి రోజుల నుంచే ఇంట్లో మెల్లగా నడవాలి; లేకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. వేళ్లు, మణికట్టు, మోచేయి కదిలించాలి. భుజాన్ని ఎంత ఎత్తు వరకు, ఏ రోజు నుంచి లేపాలో శస్త్రవైద్యుడో ఫిజియోథెరపిస్టో చెప్పినట్టే చేయాలి. తరువాతి దశలో గోడ మీద వేళ్లను పాకిస్తూ చేతిని పైకి తీసుకుపోయే వ్యాయామం నేర్పుతారు. భయంతో చేతిని కదపకుండా ఉంచితే భుజం బిగుసుకుపోతుంది. ఆమె తన జడ తానే అల్లుకోగలిగిన రోజు, దండెం అందుకోగలిగిన రోజు, ఇవి కోలుకోవడానికి నిజమైన కొలతలు. గుంతల దారిలో స్కూటరు వెనుక కూర్చొని పరీక్షలకు వెళ్లడం మంచిది కాదు. కారులో సీటు బెల్టుకూ ఛాతీకీ నడుమ చిన్న దిండు పెట్టుకోవాలి.

పథ్యం, పసుపు, కాపడం

బాలింత మర్యాదలో విశ్రాంతిని తీసుకోవాలి గాని, పథ్యాన్ని యథాతథంగా తీసుకోరాదు. "పప్పు తింటే చీము పడుతుంది" అన్న నమ్మకం తెలుగు ఇళ్లలో బలమైనది. శస్త్రచికిత్స అయినవారికి పప్పు, వంకాయ, గోంగూర మాన్పించి, చారన్నంతో సరిపెట్టే ఇళ్లు ఈనాటికీ ఉన్నాయి. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. పప్పు వల్ల కాదు. గాయం పూడ్చడానికి శరీరానికి కావలసిన ముడిసరుకు మాంసకృత్తులు. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేప, కోడిమాంసం, ఎవరి అలవాటును బట్టి వారు, రోజూ తినాలి. నొప్పి మాత్రల వల్ల మలబద్ధకం వస్తుంది గనుక ఆకుకూరలు, పండ్లు, తగినంత నీరు అవసరం. కుట్ల మీద పసుపు గాని, నూనె గాని, నాటు మందు గాని పూయరాదు.

అన్నిటికంటే తక్కువగా తెలిసిన ప్రమాదం కాపడంలో ఉంది. తొలగించిన వక్షోజంతోపాటు అక్కడి స్పర్శనాడులు కూడా తెగిపోతాయి. కొత్తగా నిర్మించిన చోట చాలాకాలం, కొందరికి ఎప్పటికీ, వేడి తెలియదు, చల్లదనం తెలియదు. నొప్పిగా ఉందని వేడి నీళ్ల సంచి పెట్టినా, పొగలు కక్కే వేన్నీళ్లు పోసినా చర్మం కాలిపోతుంది; ఆ సంగతి ఆమెకు తెలియదు. ఇటువంటి కాలిన గాయాలు వైద్య గ్రంథాలలో నమోదయ్యాయి. ఆ భాగానికి కాపడం పెట్టరాదు, ఐసు కూడా నేరుగా పెట్టరాదు. స్నానపు నీటి వేడిని మరో చేతితో చూసి పోసుకోవాలి. చంకలోని గ్రంథులను తీసివేసిన వైపు చేతికి వాపు వచ్చే అవకాశం సంవత్సరాల తరబడి ఉంటుంది. ఆ చేతికి కాలడం, కోసుకోవడం జరగకుండా చూసుకోవాలి. గాజులో ఉంగరమో బిగుతుగా తోస్తే వైద్యునికి చెప్పాలి.

నొప్పికి పేర్లు, రెండు భాషలలో

తెలుగులో నొప్పికి ఎన్ని పేర్లో! సలుపు, పోటు, తీపు, మంట, లాగుడు, తిమ్మిరి, జివ్వుమనడం. ఇవి పర్యాయపదాలు కావు. లాగుడూ బిగుతూ చాలావరకు మానుతున్న కుట్లకు సంబంధించినవి. తిమ్మిరి, జివ్వుమనడం తెగిన నాడులకు సంబంధించినవి. రోజురోజుకూ పెరిగే సలుపు, దానికి తోడు వేడి, ఎరుపు ఉంటే లోపల చీము పడుతున్నదేమోనని అనుమానించాలి. ఇంత నిశితంగా చెప్పగల స్త్రీ ఆసుపత్రిలో భాష రాక "పెయిన్" అన్న ఒక్క మాటతో ఊరుకుంటుంది. లేదా భర్త ఆమె తరఫున మాట్లాడతాడు. ఆమె చెప్పుకోవడానికి సిగ్గుపడిన విషయం ఆయన నోటికీ రాదు.

బెంగళూరు ఆసుపత్రులలో నర్సులు చాలామంది కన్నడం మాట్లాడతారు. అయిదారు మాటలు తెలిస్తే చాలు. నొప్పిని కన్నడంలో నోవు అంటారు. వాపు ఊత, చీము కీవు, తిమ్మిరి జోము, జ్వరం జ్వర. మంటను ఉరి అంటారు. తెలుగు చెవికి ఆ మాట భయం గొలిపినా అర్థం మంట మాత్రమే. డిశ్చార్జి కాగితం ఆంగ్లంలో ఉంటుంది. ఆసుపత్రి గుమ్మం దాటకముందే అందులోని ప్రతి పంక్తినీ తెలుగులో చెప్పించుకొని, మాత్రల వేళలను తెలుగులో రాయించుకోవడం రోగి హక్కు. అలా అడగడంలో నామోషీ ఏమీ లేదు.

ఏ భాషలోనైనా ఆలస్యం చేయకుండా చెప్పవలసిన లక్షణాలు ఇవి: 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరిన జ్వరం, పెరుగుతున్న ఎరుపు, వేడి, దుర్వాసన, ఒక వైపు ఉన్నట్టుండి పెరిగిన వాపు, ఫ్లాప్ చర్మం నీలంగానో నల్లగానో పాలిపోయినట్టుగానో మారడం, కుట్లు విడిపోవడం, డ్రెయిన్‌లో హఠాత్తుగా ఎక్కువైన ఎర్రని రక్తం. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెడుతున్నా, ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో పోటు వచ్చినా ఉదయం దాకా ఆగకుండా 108కు ఫోను చేయాలి.

అద్దం ముందు

క్యాన్సర్ పోయింది, వక్షోజం తిరిగి వచ్చింది, ఇంకా దిగులెందుకని బంధువులు అడుగుతారు. వచ్చింది పాతది కాదు. స్పర్శ లేదు, ఆకృతిలో కొంత తేడా ఉంటుంది, మచ్చలు ఉంటాయి. తొలి నెలల వాపు తగ్గి తుది రూపం తేలడానికి చాలా నెలలు పడుతుంది. చనుమొన నిర్మాణం వంటి పనులు ఉంటే అవి ఆ తరువాతే. ఆమె మొదటిసారి కట్టు విప్పి అద్దంలో చూసుకునే రోజు ఇంట్లో ఎవరికీ తెలియకుండా గడిచిపోతుంది. భర్త చూపు తిప్పుకుంటే, నొప్పి కలిగిస్తానేమోనన్న భయంతో దూరంగా పడుకుంటే, ఆమె దాన్ని విముఖతగా అర్థం చేసుకుంటుంది. ఆయన భయాన్ని ఆయన నోరు విప్పి చెప్పడమే దీనికి మందు. నిద్ర పట్టకపోయినా, ఏడుపు ఆగకపోయినా 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. 2022లో మొదలైన టెలి మానస్ సేవ అది. తెలుగులోనూ మాట్లాడతారు, రుసుము లేదు.

మరో మాట. పునర్నిర్మాణం వద్దనుకోవడం కూడా పూర్తి నిర్ణయమే. మరో పెద్ద శస్త్రచికిత్సకు శరీరం సిద్ధంగా లేకపోవచ్చు, మనసు లేకపోవచ్చు. లోదుస్తులలో అమర్చుకునే సిలికోన్ రూపాలు, నూలుతో అల్లిన తేలికైన రూపాలు దొరుకుతాయి. ఏమీ వాడకుండా ఉండే స్త్రీలూ ఉన్నారు. అత్తగారి మాట కోసమో, పేరంటంలో నలుగురి కళ్ల కోసమో చేయించుకోవలసినది కాదు ఇది. అలాగే "ఈ వయసులో ఇదేం సోకు" అన్న మాటకు జంకి మానుకోవలసినదీ కాదు. రెండో వైపు వక్షోజానికి వైద్యుడు చెప్పిన వ్యవధిలో మామోగ్రాము చేయించుకోవడం మాత్రం ఎవరికైనా తప్పనిసరి. ఇంప్లాంట్ ఉన్నవారు ఆసుపత్రి ఇచ్చే ఇంప్లాంట్ కార్డును భద్రపరచుకోవాలి. ఇంప్లాంట్ జీవితాంతం మన్నుతుందన్న హామీ లేదు.

సెలవు, బీమా

ఆరు వారాల విశ్రాంతి చెప్పినంత సులభం కాదు. టెక్ పార్కులలో గదులు శుభ్రం చేసే స్త్రీకి, కుట్టుపని కర్మాగారంలో మిషను తొక్కే స్త్రీకి రోజు పోతే కూలి పోతుంది. వీరిలో ఈ.ఎస్.ఐ. చందా కడుతున్నవారు అనేకులు. దాని వల్ల కలిగే హక్కు తెలిసినవారు కొద్దిమంది. చందా దినాల నిబంధన పూర్తయిన ఉద్యోగికి సాధారణ అనారోగ్యంలో సంవత్సరానికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం అందుతుంది. క్యాన్సర్ వంటి దీర్ఘవ్యాధులకు విస్తరించిన అనారోగ్య ప్రయోజనం ఉంది. రెండేళ్లు ఉద్యోగంలో ఉండి తగిన చందా కట్టినవారికి వేతనంలో 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు ఇస్తారు. ఈ.ఎస్.ఐ. వైద్యుని ధ్రువపత్రం లేకుండా ఇది రాదు. ఆ పత్రాన్ని మొదటి వారంలోనే అడగాలి.

ప్రైవేటు బీమా ఉన్నవారికి మరో చిక్కు ఎదురవుతుంది. "సౌందర్య చికిత్సకు బీమా వర్తించదు" అని దరఖాస్తును తిప్పి పంపడం జరుగుతుంటుంది. బీమా నియంత్రణ సంస్థ 2019లో ప్రామాణికం చేసిన మినహాయింపుల పాఠంలోనే దీనికి జవాబు ఉంది: ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తరువాత చేసే పునర్నిర్మాణానికి ఆ నిషేధం వర్తించదు. కనుక ఆసుపత్రి కాగితాలలో "క్యాన్సర్ అనంతర పునర్నిర్మాణం" అని స్పష్టంగా రాయించుకోవాలి. అయినా నిరాకరిస్తే ముందు సంస్థకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు, ఆపైన బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అంబుడ్స్‌మన్ కార్యాలయం బెంగళూరులో ఉంది. అక్కడ రుసుము లేదు, వకీలు అవసరమూ లేదు.

ముగింపు

ఆమెకు మన వాడుకలో పేరు లేదన్న మాటతో ఈ ప్రసంగం మొదలైంది. వెదికితే పనికివచ్చే మాట ఒకటి మన పెద్దల నోట ఉంది. బాలింత తొందరపడి లేవబోతే "ఒళ్లు ఇంకా పచ్చిగా ఉంది, పడుకో" అంటారు. పైకి మానినట్టు కనిపించే శరీరం లోపల ఇంకా మానలేదన్న తెలివిడి అంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఆరో వారం దాకా, రేడియేషనో కీమోథెరపీయో ఇంకా మిగిలి ఉంటే అవి పూర్తయ్యేదాకా, ఈ స్త్రీ ఒళ్లూ పచ్చిదే. ఆమె నీళ్ల క్యాను వైపు చేయి చాచినప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఆ మాట అని, క్యాను తామే ఎత్తితే చాలు. ఆచారం అలాగే మొదలవుతుంది.